ఎడమవైపు తిరగని తల

ఇప్పుడు తిరగడం లేదు కాబట్టి రాస్తున్నాను. మంచం, కిటికీ, గోడ గడియారం, అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. మధ్యలో కొన్ని నెలలు అవి అలా ఉండలేదు. ఎవరైనా బండి మీద నుంచి పడి, "ఎముకలు విరగలేదు, అదృష్టవంతురాలివి" అనిపించుకుని, ఇంటికొచ్చి మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే ఇల్లంతా గిర్రున తిరిగితే, వాళ్ల కోసం ఇది. అది గ్యాస్ కాదు. బీపీ కాదు. నరాల బలహీనత కాదు. దిష్టి అంతకన్నా కాదు. ఇవన్నీ నాకు చెప్పారు. చెప్పిన వాళ్లలో ఒక్కరూ డాక్టరు కాదు.

నా పేరు ఎస్తేరు. మేడ్చల్‌లో ఒక ల్యాబ్ తరఫున ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకొచ్చే పని నాది. స్కూటర్ మీద కాళ్ల దగ్గర ఐస్ డబ్బా పెట్టుకుని పొద్దున్నే బయల్దేరతాను. మేడ్చల్ కాలనీలు అయ్యాక శామీర్‌పేట దాకా వెళ్లి వస్తాను. షుగరు ఉన్న పెద్దవాళ్లు పరగడుపున గేటు దగ్గరే నిలబడి ఉంటారు. కాస్త ఆలస్యమైతే నేనేదో వాళ్ల చాయ్ ఎత్తుకుపోయినట్టు చూస్తారు. అయినా నేను తొందరపడను. డబ్బాలో ఉన్న రక్తం కుదుపులకు పాడైతే మళ్లీ అదే ఇంటికి పోయి అదే మనిషిని సూదితో పొడవాలి, తిట్లు తినాలి. అందుకని హెల్మెట్ పట్టీ గడ్డం కింద టక్కుమని బిగుసుకుంటే గానీ తాళం తిప్పను. మా దగ్గర చాలామందికి హెల్మెట్ అంటే పోలీసులకు చూపించే వస్తువు. వాళ్లు నిలబడే చోటు రాకముందు పెట్టుకుంటారు, దాటగానే తీసి అద్దానికి తగిలిస్తారు.

జూన్, వానలు మొదలైనప్పుడు

మేడ్చల్‌లో హైవే పక్క సర్వీసు రోడ్డు మీద మా చర్చి ఉంది. సక్రమమైన దారిలో రావాలంటే ఫ్లైఓవర్ కింద యూ టర్న్ దాకా పోయి తిరిగి రావాలి. అది చాలా దూరం. అందుకని చర్చికి వచ్చే వాళ్లలో సగం మంది, దైవభయం బాగా ఉన్నవాళ్లే, రోడ్డు అంచు పట్టుకుని ఎదురు వస్తారు. దాన్ని మావాళ్లు రాంగ్ రూట్ అని కూడా అనరు. పక్క నుంచి అన్న అర్థంలో "సైడ్‌కెళ్లి" అంటారు. సైడ్‌కెళ్లి వచ్చినం, సైడ్‌కెళ్లి పోతం. మాట మారిస్తే తప్పు తప్పు కాకుండా పోతుందని మా నమ్మకం.

ఆ పొద్దున అలా సైడ్‌కెళ్లి వచ్చింది దేవదానం అంకుల్. మా సంఘ పెద్ద. చర్చి తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఉదయ ప్రార్థనకు తలుపులు తీయడానికి మోపెడ్ మీద వస్తున్నాడు. నేను నా దారిలో మెల్లగా పోతున్నాను. ఆగి ఉన్న పాల వ్యాను దాటి మళ్లీ ఎడమకు వచ్చేసరికి ఎదురుగా ఆయన తెల్ల చొక్కా. హ్యాండిళ్లు తగులుకున్నాయి. ఆయన మోపెడ్ మీద అలాగే కాళ్లు ఆన్చి నిలబడ్డాడు. నేను ఎడమవైపు పడ్డాను, తల ఫుట్‌పాత్ రాయికి కొట్టుకుంది.

నాకు మొదట వినిపించిన మాట ఇది: "ఏందమ్మా ఎస్తేరూ, జర చూస్కోని రావొద్దా?"

ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆయన చెడ్డవాడు కాదు. వెంటనే దిగి నన్ను లేపాడు, ఐస్ డబ్బా తుడిచి పక్కన పెట్టాడు, మా ఆయనకు ఫోన్ చేశాడు, ఆసుపత్రి దాకా ఆటోలో వచ్చాడు. దారంతా "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉన్నాడు. "నాదే తప్పు" అనే రెండు మాటలు మాత్రం ఆయన నోట రాలేదు.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. తల లోపల ఏమీ లేదన్నారు. మా ఆయన ప్రభాకర్ ఆ భయంలో కూడా "అది నాకు ముందే ఎరుక" అన్నాడు. నవ్వబోయి ఏడ్చాడు. హెల్మెట్ ఎడమ పక్కన నిలువునా పగిలి ఉంది. డ్యూటీ డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని, పట్టీ లాగి చూసి, "పట్టీ పెట్టుకున్నారు కాబట్టి మాట్లాడుతున్నారు" అని వెళ్లిపోయింది.

మర్నాడు ఇంట్లో మంచం మీద ఎడమవైపు తిరిగాను. ఫ్యాను, కిటికీ, గోడ మీది బైబిలు వాక్యాల కేలండరు, అన్నీ కలిసి ఒక పక్కకు పరుగెత్తాయి. మంచం అంచు గట్టిగా పట్టుకున్నాను. పడుకుని ఉన్న మనిషి ఇంకెక్కడికి పడుతుంది? అయినా పడిపోతున్నాననే అనిపించింది. కాసేపటికి ఆగింది. తర్వాత వాంతి. మా అమ్మాయి గ్రేస్ బకెట్ పట్టుకుని నిలబడి, "అమ్మా, కండ్లు మూసుకో, కండ్లు మూసుకో" అంటోంది. మూసుకుంటే ఇంకా ఎక్కువ తిరుగుతోంది. అది చెప్పడానికి నోరు తెరిస్తే మళ్లీ వాంతి.

జూలై

జూలై అంతా నేను కుడివైపే పడుకున్నాను. తల ఎడమకు తిప్పను, వంచను, పైకి ఎత్తను. గ్యాస్ స్టవ్ దగ్గర నిలబడి పక్కనున్న ఉప్పు డబ్బా అందుకోవాలంటే మనిషినంతా తిప్పాలి. చూడవచ్చిన వాళ్లకు నా ఒంటి మీద ఒక కట్టు లేదు, ఒక గాయం లేదు. "మంచిగనే ఉన్నవ్ గదా" అనేవాళ్లు. కాలు విరిగినా బాగుండేది అనిపించింది. కాలుకు కట్టు కడితే జనానికి అర్థమవుతుంది.

వచ్చినవాళ్లు బత్తాయిలు తెచ్చారు, సలహాలు తెచ్చారు. ఒకామె అల్లం రసం అంది. ఒకామె నల్లదారం అంది, చర్చికి వచ్చే మనిషే. దేవదానం అంకుల్ అయితే ప్రతి బుధవారం మా హాల్లో ప్రార్థన కూటం పెట్టించాడు. "ప్రభువా, ఆ దినమున రోడ్డు మీద మా ఇద్దరినీ నీ రెక్కల కింద దాచినవయ్యా" అని గొంతు వణికేలా పాడినట్టు అనేవాడు. నేను గది లోపల కుడివైపు తిరిగి పడుకుని, నన్ను మాత్రం రెక్క కింద నుంచి ఎవరు తోశారో అడగండి అనుకునేదాన్ని. ప్రార్థన అయ్యాక ఆయన మోపెడ్ చప్పుడు వినిపించేది. మా వీధి చివర హైవే. ఎటు తిరుగుతోందో చెవికి తెలుస్తుంది. సైడ్‌కెళ్లి పోతున్నాడు!

ప్రభాకర్ తుర్కపల్లిలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. కంపెనీ క్యాబ్‌లో వెళ్లి క్యాబ్‌లో వస్తాడు. రోడ్డు మీద ఆయన చేసే పని నిద్రపోవడం ఒక్కటే. ఆయన ఒకటే పాట పట్టుకున్నాడు.

"గీ బండి మనకు అచ్చిరాలే. అమ్మేద్దాం."

"బండి ఏం జేసింది? అచ్చిరాంది మీ సంఘ పెద్ద. ఆయన్ని అమ్ముదాం."

"పెద్దమనిషిని గట్లంటవా? ఆయన కావాలని చేసిండా?"

"కావాలనే చేసిండు. ఏ పొద్దు చూసినా కావాలనే గట్ల వస్తడు. నన్ను గుద్దుడు ఒక్కటి అనుకోకుండా అయ్యింది."

ఇలా మొదలై, అన్నం పళ్లేల దగ్గర ఇద్దరం ముఖాలు చెరో వైపు పెట్టుకునే దాకా వెళ్లేది. ఆయన ముఖం ఎడమకు, నాది కుడికి. నాకు ఇంకో దారి లేదు కదా.

ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. నా ఇళ్లన్నీ తాత్కాలికంగా వేరే అతనికి ఇచ్చారు. ఇన్‌ఛార్జి మేడమ్ మెత్తగానే మాట్లాడింది: "దసరా దాకా చూస్తం ఎస్తేరూ. ఆ తర్వాత పర్మనెంటు మనిషిని పెట్టుకోక తప్పదు. బండి నడపలేకపోతే గీ పని ఎట్ల చేస్తవ్ చెప్పు?" ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఏడవడానికి తల వంచకూడదు కదా, నిటారుగా కూర్చుని ఏడ్చాను.

పక్కింటి షాహీన్ ఆపా ఒక్కతే ఏమీ తేలేదు. వచ్చి కూర్చుని, నేను ఉప్పు డబ్బా కోసం మనిషినంతా తిప్పడం చూసి, "అరె, గిట్ల గిర్‌గిర్ తిరుగుడు మా అమ్మీకి గూడ అయింది. చెవి డాక్టర్ దగ్గరికి పోవాలె నువ్వు. చలో, లెవ్వు" అంది.

"తల తిరిగితే చెవి డాక్టర్ ఏంది ఆపా?"

"నాకేం ఎరుక? నాకు రోగం ఎరుక లేదు, డాక్టర్ ఎరుక. జల్దీ చీర మార్చుకో."

ఆమె కూడా డాక్టరు కాదు. కానీ ఇన్ని సలహాల్లో తోడు వస్తానన్న సలహా అదొక్కటే.

ఆగస్టు

కొంపల్లి దాకా ఆటో. యూ టర్న్ దగ్గర ఆటోవాడు తిరగకుండా రోడ్డు అంచు పట్టుకుని ఎదురు పోవడం మొదలుపెట్టాడు. నేను కేక పెట్టాను. "అక్కా, సైడ్‌కెళ్లే గదా" అన్నాడు. షాహీన్ ఆపా బురఖా ముసుగు సర్దుకుని, "బేటా, ఈమె గట్లనే పడ్డది. ఇప్పుడు నీ ఆటోల కక్కుతది, చూస్తవా?" అంది. మారుమాట లేకుండా బండి తిప్పాడు. నేను మొత్తుకుంటే వినని మనిషి సీటు పాడవుతుందంటే విన్నాడు.

ఆ చెవి డాక్టరు దగ్గర వెయిటింగ్ హాలు నేను మరిచిపోలేను. వరుసగా కూర్చున్న వాళ్లలో నాలాంటి వాళ్లు ఎవరో చూడగానే తెలిసిపోయింది. నెత్తి మీద నిండు బిందె ఉన్నట్టు కూర్చున్నారు. ఎవరు పిలిచినా కళ్లు మాత్రమే అటు తిప్పుతారు, తల తిప్పరు. నా పక్కన ఒక పెద్దావిడ, శామీర్‌పేట వైపు ఆవిడ, తన సంచిలోంచి పాలిథిన్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. "లోపటికెళ్లి వచ్చేటప్పుడు కావలె బిడ్డా. సిగ్గుపడకు, అందరం గంతే" అంది. ఇన్నాళ్లలో ఎవరూ నాకు అంత ఉపయోగపడే వస్తువు ఇవ్వలేదు.

చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట. దెబ్బకు అవి తమ చోటు నుంచి జరిగి, ఉండకూడని గొట్టంలోకి వెళ్లాయట. తల కదిలినప్పుడల్లా అవి కదులుతాయి, మెదడు మనిషే తిరుగుతోందనుకుంటుంది. డాక్టరు నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తల ఎడమకు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టాడు. నెలంతా ఏ దిక్కుకైతే పోకుండా తప్పించుకున్నానో సరిగ్గా ఆ దిక్కుకే. గది అంతా గిరగిరా తిరిగింది. నేను ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. "తిరగనీ అమ్మా, తిరగనీ, అదే ఆగుతుంది" అన్నాడు. ఆగింది. మెల్లగా తల రెండో వైపు తిప్పాడు, పక్కకు ఒత్తిగిలించాడు, లేపాడు. కవరు వాడుకున్నాను.

ఒక్కసారితో పోలేదు. దెబ్బ వల్ల వచ్చింది మొండిగా ఉంటుందట. మళ్లీ వెళ్లాను, మళ్లీ. ప్రతిసారీ ఆపా వచ్చింది. ఆగస్టు చివరికి ఎడమవైపు పడుకోబెట్టినా గది నిలబడింది. డాక్టరు సంతోషపడ్డాడు. నేను మాత్రం ఇంటికి వచ్చి కుడివైపే పడుకున్నాను.

సెప్టెంబరు

ఈ నెల గురించి ఎవరూ ముందు చెప్పరు. రోగం పోయాక కూడా ఒళ్లు దాన్ని నమ్మదు. చెవి బాగైంది, మెడ ఒప్పుకోలేదు. ఎవరైనా ఎడమ నుంచి పిలిస్తే అప్పటికీ మనిషినంతా తిప్పేదాన్ని. డాక్టరు అది గమనించి అన్నాడు: "మీ చెవిలో ఇప్పుడేమీ లేదు. బండి నడపొచ్చు. కానీ తల తిప్పి వెనక్కి చూడలేని మనిషి మన రోడ్ల మీద నడపకూడదు. మనవాళ్లు ఎడమ నుంచి కూడా దూరతారు." పెద్ద అద్దాలు పెట్టించుకుంటానని బేరమాడాను. అద్దంలో పడని మూల ఒకటి ఉంటుందని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. సరిగ్గా ఆ మూలలోంచే మన జనం వస్తారు.

దసరా దగ్గర పడుతోంది. బండి మీద ఇప్పుడు గ్రేస్ కాలేజీకి పోతోంది. నేను గేటు దగ్గర నిలబడి "పట్టీ!" అని అరుస్తాను. ఒకరోజు దానికి చిర్రెత్తుకొచ్చింది.

"అమ్మా, నువ్వు పట్టీ పెట్టుకున్నవ్, మెల్లగ పోయినవ్, కరెక్టు రూట్ల పోయినవ్. ఏమైంది మరి? అన్నీ తప్పు చేసిన అంకుల్ మోపెడ్ మీద మంచిగ తిరుగుతున్నడు."

నాకు కోపం వచ్చింది.  లోపలికి వెళ్లి పగిలిన హెల్మెట్ తెచ్చి దాని చేతిలో పెట్టాను. "గిది నా తల అయ్యేది" అన్నాను. అది కాసేపు ఆ పగులు మీద వేలు పెట్టి చూసింది. పట్టీ బిగించుకుంది. వీధి మలుపు తిరిగాక తీసిందో లేదో నాకు తెలియదు. బతకడమంటే ఇంతే అనుకుని లోపలికి వచ్చాను.

ఆదివారం సాయంత్రాలు కాలనీ ఖాళీ జాగాలో మా ముగ్గురి కసరత్తు. నేను బండి మెల్లగా నడపాలి. గ్రేస్ నా వెనక ఎడమ పక్కన నడుస్తూ చేతి వేళ్లు చూపిస్తుంది. నేను తల తిప్పి ఎన్ని వేళ్లో చెప్పాలి. నేను బండి ఆపి, కాలు ఆన్చి, నడుము నుంచి తిరిగి, "మూడు" అనేదాన్ని.

"తల తిప్పుమంటే సోఫా తిప్పినట్టు తిప్పుతది" అన్నాడు ప్రభాకర్. అన్నవాడే బండి పక్కన పరుగెత్తుతున్నాడు, పడితే పట్టుకోవడానికి. అమ్ముదామన్న మాట ఆయన నోట మళ్లీ రాలేదు. నాకు ఆయన మీద ప్రేమ పొంగింది, చెప్పలేదు. చెబితే పరుగు ఆపుతాడు.

దసరా ముందు

మా చర్చిలో జబ్బు చేసి లేచినవాళ్లు నిలబడి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. నా వంతు వచ్చింది. దేవదానం అంకులే మైకు ఇచ్చి, "దేవుడు మా ఇద్దరినీ ఎట్ల కాపాడిండో సహోదరి చెప్తది" అని ముందు వరసలో కూర్చున్నాడు.

కృతజ్ఞత చెబుదామనే లేచాను. నిజంగా ఉంది కూడా. ఆ 'ఇద్దరినీ' విని నోరు ఆగలేదు.

"దేవుడు కాపాడిండు. ఆయన పని ఆయన చేసిండు. హెల్మెట్ పట్టీ నేను పెట్టుకున్న. మనం సైడ్‌కెళ్లి అనుకుంట రోజూ ఎదురు పోతున్నం. మనం పోయే దారిల ప్రతి బండి ముందర దేవుణ్ణే నిలబెడుతున్నం. ఆయనకు ఇంకేం పని లేదా? నాలుగు నెలలు నేను ఎడమకు తిరిగి పడుకోలే. తిరిగొచ్చే దూరానికి బద్ధకమై నా మీదకెళ్లి వచ్చిన్రు. అంకుల్, మీరే. మీకు నేను ఏం కీడు కోరట్లే. రేపు ఇంకో ఇంటి బిడ్డకు గిట్ల కావొద్దని అంటున్న."

 వెనక నుంచి ఒక అవ్వ అలవాటు కొద్దీ "ఆమేన్" అంది. అంకుల్ తల దించుకున్నాడు. ఆయన బట్టతల చూస్తుంటే జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు. బయట ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. అందరూ బండ్లెక్కారు. సగం మంది సైడ్‌కెళ్లే పోయారు.

మెడ ఇంకా ఒప్పుకోకపోయినా, దసరా గడువు దాటకూడదని సోమవారం ల్యాబ్‌కు వెళ్లి డబ్బా తీసుకున్నాను. ఆ రోజు మొదటి ఇల్లు శామీర్‌పేటలో, రిటైరైన ఒక సారు. మలుపు మలుపుకూ బండి ఆపి, కాలు ఆన్చి, నడుము నుంచి తిరిగి చూసుకుని పోతున్నాను. వెనక హారన్ల మోత. ఇలా పోతే సారు చాయ్ మధ్యాహ్నానికే. ఈ పని ఇక నా వల్ల కాదు, ఇదే చివరి రోజు అనుకున్నాను. అలా అనుకుంటూ చర్చి ముందు సర్వీసు రోడ్డు ఎక్కేసరికి, ఎదురుగా, రోడ్డు అంచున, దేవదానం అంకుల్!

నన్ను చూశాడు. గబుక్కున మోపెడ్ ఆపి, దిగి, ఇంజను బంద్ చేసి, చేత్తో తోసుకుంటూ రావడం మొదలుపెట్టాడు. అదే ఎదురు దారిలో. వయసు మీద పడిన మనిషి, ఆయాసపడుతూ నా ఎడమ పక్క నుంచి దాటిపోతున్నాడు.

"ఇగ ఎక్కి నడుపుత లేనమ్మా" అన్నాడు నా ముఖం చూడకుండా. "తప్పు నాదే ఆ దినం. దిగి తోసుకపోతున్న చూడు. నడిచేటోనికి రాంగ్ రూట్ ఉండదు గదా."

నాలుగు నెలల నుంచి నేను ఎదురుచూసిన మాట, ఇదిగో, ఎదురు దారిలో నడుస్తూ చెప్పాడు!  ఆయన నన్ను దాటి వెనక చాలా దూరం పోయాడు. నేను హ్యాండిల్ పట్టుకుని, వెనక్కి తిరిగి గొంతు చించుకున్నాను.

"అంకుల్! తోసుకపోయినా అది రాంగ్ రూటే! ఫుట్‌పాత్ ఎక్కించున్రి! ఫుట్‌పాత్!"

ఆయన చెయ్యి ఎత్తాడు. రొప్పుతూ ముందు చక్రం ఫుట్‌పాత్ మీదికి ఎత్తాడు, తర్వాత వెనక చక్రం. అంతా అయ్యేదాకా అటే చూస్తూ ఉన్నాను, మళ్లీ ఎక్కేస్తాడేమోనని. ఆయన వెనక చర్చి గేటు, పాల వ్యాను, హైవే మీద లారీలు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఏదీ పక్కకు పరుగెత్తడం లేదు. అప్పుడు చూసుకున్నాను. నడుము కదల్లేదు, రెండు పాదాలూ ఫుట్‌బోర్డు మీదే ఉన్నాయి, బండి మెల్లగా పోతూనే ఉంది, నా గడ్డం ఎడమ భుజం మీద ఉంది.